నేను గీయని ఏడో నంబరు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా పని చీకటి గదిలోనే. కిటికీకి గోనెపట్టా కొట్టి, ఎర్ర కాగితం చుట్టిన లాంతరు పెట్టుకొని, మా ఇంటాయన తీసిన ఫోటోలు కడిగేదాన్ని. చీకట్లో చెయ్యి పెడితే ఏది తగులుతుందో నాకు తెలిసినంత మా నారాయణఖేడ్‌లో ఇంకెవరికీ తెలియదు. అందుకని నన్ను పిరికిదాని కింద జమకట్టకండి.

ఇది నైజాం రోజుల మాట. మా ఇంటాయన హైదరాబాదులో ఒక ఫోటోల దుకాణంలో పని నేర్చుకొని వచ్చి, మా ఊళ్ళో ఇంట్లోనే ఫోటోలు తీసేవాడు. అప్పుడు ఫోటో అంటే అద్దం పలక మీద పడేది. ప్లేటు అనేవాళ్ళం.

మా దగ్గరి కంగ్టి ఊరి నుంచి పోయి వీరప్ప అనే పిల్లగాడు హైదరాబాదు కాలేజీలో చదివేవాడు. తండ్రి లేడు. తల్లి శివమ్మ కందిచేను చేసి చదివించింది. ఊరికి వచ్చి పోయేటప్పుడల్లా మా ఇంట్లో ఒక పూట ఆగేవాడు. కాలేజీలో రగ్బీ ఆడేవాడు. గుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకొని ఒకడు ఉరుకుతుంటే అవతలివాళ్ళు మీద పడి పడగొట్టే ఆట అది. మోచేతులు గీరుకుపోయి వచ్చేవాడు.

"గదొక ఆటనా, కొట్లాటనా?" అని అడిగాను ఒకసారి.

"గెలిస్తె ఆట వదినా, ఓడితె కొట్లాట" అని నవ్వాడు.

ఆ జట్టు ఫోటోలు తీసే పని మా ఈయనకు వీరప్పే ఇప్పించాడు. హైదరాబాదు మైదానంలో ఆట ఉన్నప్పుడల్లా ఈయన మూడుకాళ్ళ కెమెరా ఎత్తుకొని పోయేవాడు. ఆటలో వీరప్ప జాగా ముందు వరుస నడుమ. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది వంగి, తలలు దూర్చి పొట్టేళ్ళలా నెట్టుకుంటారు. ఏ ప్లేటు చూసినా అతని వీపో పిక్కలో తప్ప ముఖం ఉండేది కాదు. జట్టునంతా నిలబెట్టి తీసినా అంతే. ఎవడో ఏదో అనేవాడు, ఇతను నవ్వి తల తిప్పేవాడు, ముఖం చెదిరిపోయేది.

"సిలోను నుంచి రానీ, వీన్ని ఒక్కన్నే కూసోబెట్టి తీస్త" అనేవాడు ఈయన.

అప్పటికే ఆ జట్టును సిలోనులోని కొలంబోకు ఆటకు పిలిచారు. హైదరాబాదు ఫోటోలవాళ్ళు సముద్రం దాటేది లేదన్నారు. మా ఇంటాయన సరేనన్నాడు. డబ్బాలో డజను ప్లేట్లు నేనే సర్ది ఇచ్చాను.

ఇక్కడ నా లెక్క సంగతి చెప్పాలి. మా నాన్న బజారులో జొన్నలు, కందులు కొలిచేవాడు. కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అది ఏడుపు మాట. ఆరు, మళ్ళొకటి, ఎనిమిది అంటారు. బడికి నేను పోయింది తక్కువ. లెక్క నేర్చుకున్నది ఆ జొన్నరాశి పక్కనే. ప్లేటు మూల మీద సూదితో నంబరు గీసే పని నాది. మళ్ళొకటి అనేదాన్ని అంకెలో ఎట్లా గీయాలి? తెలియక ఆరు తర్వాత ఎనిమిది గీసేదాన్ని. అట్లా డజను ప్లేట్లకు నా ఆఖరి నంబరు పదమూడు.

"లోకానికంత డజనంటె పన్నెండు, నీ ఒక్కదానికే పదమూడు" అని ఈయన ఎక్కిరించేవాడు. ఎక్కిరించినా నేను మార్చలేదు. ఏడు అంకె నా చేత్తో ఏ అద్దం మీదా పడలేదు.

వాళ్ళు పోయిన పది రోజులకు పెద్ద వాన కొట్టి మా పెరటి గోడ ఒక మూల కూలింది. మట్టి కలిపి నేనే మెత్తాను. నున్నగా రుద్దే తీరిక లేక నా అయిదు వేళ్ళ అచ్చులు అట్లాగే ఎండిపోయాయి.

నెల దాటాక ఈయన వచ్చాడు. వీరప్ప రాలేదు.

ఆఖరి ఆట మరునాడే జ్వరం తగిలిందట. అయిదో రోజు అక్కడి దవాఖానలో ప్రాణం పోయింది. అక్కడే మట్టి చేశారు. ఆఖరి ఆట నాడు అక్కడివాళ్ళు జట్టులో ప్రతి ఒక్కరికీ కుచ్చు టోపీ పెట్టారట. అతని టోపీని అతని తలకే ఉంచి సాగనంపామని ఈయన చెప్పాడు.

ఈయన వచ్చిన మూడో రోజు పొద్దున శివమ్మ కంగ్టి నుంచి బండి కట్టించుకొని వచ్చింది. ఆమె నన్ను తంగీ అని పిలిచేది. ఆమె పుట్టిల్లు కన్నడపు వైపు, అక్కడ చెల్లెలిని అట్లా పిలుస్తారు. వాకిట్లో కూర్చుంది. ఏడవలేదు.

"మట్టి నేను వెయ్యలే. మొఖం నేను సూడలే. నా కొడుకు మొఖం మీ డబ్బల ఉన్నదంట. తియ్యి" అన్నది.

"ఒక్క దాంట్ల గూడ లేదు శివమ్మా. తీసినోన్ని, నాకెరికే" అన్నాడు ఈయన.

"నిన్నడగలే. కడిగేది గామె. గామెనడుగుతున్న."

ఆ మాటతో నేను కొంగు దోపుకున్నాను. ముఖం దొరికేదాకా ఆ గది విడిచేది లేదనుకున్నాను. ఒక ప్లేటు పడవలో పగిలిందని, ముక్కలు సముద్రంలో వేశానని ఈయన చెప్పాడు. అంటే మిగిలినవి పదకొండు. తలుపు వేసుకున్నాను. శివమ్మ వచ్చి తలుపుకు అవతల కూర్చుంది.

మొదటిది కడిగాను. పడవ మీద జట్టు. వీరప్ప సముద్రం వైపు తిరిగి ఉన్నాడు.

"వచ్చిండా?" అన్నది తలుపు అవతల నుంచి.

"రాలే అక్కా."

రెండోది కడిగాను. తలలు దూర్చి నెట్టుకుంటున్నారు, అతని వీపు. మూడోది, వాన. నాలుగోదానిలో జట్టు నాయకుడి భుజం అతని ముఖానికి అడ్డం. ప్రతి ప్లేటుకూ ఆమె అదే మాట అడిగింది, నేను అదే జవాబు చెప్పాను. మందునీళ్ళు పాడైతే పారబోసి కొత్తవి కలిపాను. వేళ్ళు పగిలి మండుతున్నాయి. పదకొండోదానిలో పదిహేను మందీ టోపీలు పెట్టుకొని నిలబడ్డారు. పద్నాలుగు ముఖాలు నాణెం మీద అచ్చులా పడ్డాయి. ఒకటి చెదిరింది.

"ఇగ అయిపోయినయ్, బయటికి రాయే" అన్నాడు ఈయన.

డబ్బా మూయబోయాను. లోపల ఏదో కదిలి, అద్దం చప్పుడైంది. చెయ్యి పెడితే ఇంకొక ప్లేటు తగిలింది. పగిలింది పోతే పన్నెండోది ఉండకూడదు. ఆలోచించకుండా మందులో వేశాను.

కడిగిన ప్లేటులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపిస్తుంది. అట్లాంటి ముఖాలు చదవడం నాకు అలవాటే. ఒక మనిషి ఎదురుగా కూర్చొని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. తల మీద కుచ్చు టోపీ. కదలలేదు. పళ్ళు కనబడేటట్టు నవ్వుతున్నాడు. మూలన నంబరు చూశాను. ఏడు. గీత చివర సూది గట్టిగా నొక్కి వంకర పోవడం నా చేతికున్న అలవాటు. ఆ ఏడుకూ అదే వంకర ఉంది.

"వచ్చిండా?"

ప్లేటును నీళ్ళలో ముంచి పెట్టాను.

"వచ్చిండక్కా."

ప్లేటు ఆరాక ఫోటో కాగితం మీద ఆనించి ఎండలో పెట్టాను. శివమ్మ పక్కనే గొంతుకూర్చుంది. ముందు టోపీ, తర్వాత కళ్ళు, తర్వాత నవ్వు తేలాయి. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈయన వంగి చూసి, తలెత్తి మా పెరటి గోడను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"గా మూల ఎప్పుడు మెత్తినవే?"

"నువ్వు పోయినంక పది దినాలకు."

వీరప్ప వెనక మా గోడే ఉంది. మెత్తిన మూల ఉంది. దాని మీద నా వేళ్ళ అచ్చులు అయిదూ ఉన్నాయి.

"బోరంచ పోచమ్మ మీద ఒట్టు, ఇది నేను తియ్యలే" అన్నాడు ఈయన. ఆ రోజే కాదు, బతికినన్నాళ్ళూ అదే అన్నాడు.

పాత ప్లేటేదో కలిసిపోయిందని తర్వాత చాలామంది చెప్పారు. నేనూ అట్లా అనుకోవాలని చూశాను. కానీ ఆ టోపీ అతని తలకెక్కింది కొలంబోలో. ఆ గోడ మెత్తేనాటికి అతను సముద్రానికి అవతల ఉన్నాడు. తిరిగి ఇటు రాలేదు. ఇంట్లో ఉన్న కెమెరా ఒక్కటే, అదీ ఈయనతోనే పోయింది.

శివమ్మ మాత్రం ఏ లెక్కా అడగలేదు. ఫోటోను రొమ్ముకు ఆనించుకొని లేచి, గోడ దగ్గరికి పోయి, అతను కూర్చున్న జాగాలో కాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అంత దూరం నుంచి వచ్చినోడు. నీళ్లిచ్చినవా తంగీ?"

ఆ నెలంతా నేను ఇంట్లోనే ఉన్నాను. పెరట్లో ఎవరినీ చూడలేదు, ఏ చప్పుడూ వినలేదు.

"ఇచ్చినక్కా. చెంబెడు ఇచ్చిన. అన్నీ తాగిండు" అన్నాను.

ఆమె తల ఊపి బండెక్కింది. నేను ఇక్కడ చెప్పినదంతటిలో అబద్ధం ఆ ఒక్క మాటే.