గోడ మీద రేడియేటర్ నీళ్లు

తెలియనిదాన్ని తెలియదని చెప్పి పక్కకు జరగడం నిజాయితీయేనా? ఒక మనిషిని ఆపడానికి, తెలియకపోయినా తెలిసినట్టు చెప్పవలసిన సమయం ఉంటుందా? ఈ ప్రశ్నను ఏళ్లుగా మోస్తున్నాను. దానికి కారణమైన మనిషి, నరసరావుపేటలో మా పక్కింటి బాబాయి, పోయిన శుక్రవారం కన్నుమూశారు. ఫోన్ చేసింది మా అన్నయ్య. "బాబాయి పోయాడే" అన్నాడు, అంతే. ఆ పిలుపు అన్నయ్య నోట విని ఎంత కాలమైందో. ఇన్నేళ్లూ ఆయన సంగతి ఎత్తవలసి వస్తే "షెడ్డాయన" అనేవాడు.

బాబాయి లారీ ఇంజన్ల మెకానిక్కు, సొంత షెడ్డు ఉండేది. రేడియేటర్ నీళ్లలో డీజిలు కలుస్తోందని అనుమానం ఉన్న బండి వస్తే ఆయన ముందు పానా పట్టేవారు కాదు. ఆ నీళ్లు కాసిని గాజు సోడాబుడ్డిలో పట్టి, సాయంత్రం ఇంటికి తెచ్చి, మా రెండిళ్ల మధ్య గోడ మీద కదలకుండా పెట్టేవారు. డీజిలు ఉంటే తెల్లారేసరికి పులుసు మీద నూనెలా పైకి తేలుతుంది. పొద్దున్నే బుడ్డిని ఎండకు ఎత్తి చూసి, మూతి దగ్గర వేలు రాసి వాసన చూసేవారు. "బండి తిరిగేటప్పుడు బుకాయిస్తది. నిలబెడితే ఒప్పుకుంటది" అనేవారు. అదే గోడ మీద ఒడియాలు పెట్టుకునే మా అమ్మ, ఏమయ్యా మా ఒడియాలకు డీజిలు తాలింపు పెడుతున్నావా అని సాధించేది. ఆయన నవ్వి బుడ్డిని ఒక జానెడు జరిపేవారు.

ఆయన నిదానం లారీ వాళ్లకు నచ్చేది కాదు. "నీ కింద గుడ్లు పెట్టినా ఈపాటికి పిల్లలు లేచేయి బాబాయ్" అని ఎవరో అంటే షెడ్డంతా నవ్వింది, ఆయనతో సహా.

అన్నయ్యకు ఉన్నది ఒక్కటే లారీ, అదే వాడి బతుకు. ఒక మిరపకాయల సీజనులో దాని రేడియేటర్ పొంగడం మొదలైంది. మూత తీస్తే డీజిలు కంపు. రబ్బరు పైపులు నానిన అప్పడాల్లా మెత్తబడ్డాయి. వేరే చోట, ఇంజన్ మీద మూతలా ఉండే హెడ్డు కింద గ్యాస్కెట్ మార్చి పంపారు. కంపు పోలేదు. అప్పుడు బాబాయి దగ్గరకు తెచ్చాడు. నీళ్లలోకి డీజిలు రావాలంటే దారులు రెండే ఉంటాయని బాబాయి చెప్పారట. డీజిలు చిమ్మే నాజిల్ కూర్చునే రాగి స్లీవు దగ్గర కారాలి, లేదా హెడ్డే పగలాలి. స్లీవులు తీయించారు. ఒకదాని రబ్బరు రింగు చిట్లి ఉంది. అన్నీ కొత్తవి వేసి, నీళ్ల దారిలో గాలి ఎక్కించి చూశారు. ఎక్కడా బుడగ లేదు. సబ్బునీళ్లతో లోపలంతా కడిగి కడిగి, పైపులు మార్చి, కొత్త నీళ్లు పోశారు. బుడ్డి గోడ మీదికి ఎక్కింది.

మర్నాడు ఆ బుడ్డిని ఆయన చాలాసేపు చూశారు. తేలినట్టూ ఉంది, తేలనట్టూ ఉంది. కడిగినప్పుడు పోని పాత జిడ్డు కావచ్చు. వేడెక్కినప్పుడే నోరు తెరిచే పగులు హెడ్డులో ఉండీ ఉండవచ్చు. చల్లని ఇంజన్లో అది కనపడదు. హెడ్డు విప్పి గుంటూరు పంపి, వేడి నీళ్లలో ముంచి చూడాలన్నారు. అక్కడ మాచవరంలో కల్లాల మీద మిరప బస్తాలు ఎదురుచూస్తున్నాయి. మబ్బు పట్టింది. గోడకు ఇవతల అన్నయ్య పక్కన నేను నిలబడి ఉన్నాను.

"పగులుందా లేదా, తేల్చి చెప్పు బాబాయ్."

"తెలవట్లేదురా."

"తెలవనప్పుడు తాళం ఇయ్యి మరి."

బాబాయి జేబులోంచి లారీ తాళం తీసి గోడ మీద పెట్టారు. రోజూ పొద్దున్నే నీళ్ల వాసన చూడమని మాత్రం చెప్పారు.

కొన్నాళ్లకు బస్తాలతో వస్తూ దారిలో నీళ్లన్నీ బయటికి తన్ని, ఇంజన్ పట్టేసి బండి ఆగిపోయింది. విప్పితే హెడ్డులో వెంట్రుక లాంటి పగులు. అది ముందే ఉందో, ఆ వేడికి అప్పుడే వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. అన్నయ్య లారీని తుక్కు కింద అమ్మేశాడు. అప్పటినుంచి ఇంకొకరి బస్సు నడుపుతున్నాడు. వాసన చూశావా అని బాబాయి వాణ్ణి అడగలేదు. మళ్లీ ఆయన ముఖం అన్నయ్య చూడలేదు.

చాలా కాలానికి, సెలవుల్లో వెళ్లినప్పుడు, నేనే అడిగాను. పగులుందని చెప్పి ఆపేయవచ్చు కదా అన్నాను. ఆయన చేతులు తుడుచుకున్నారు.

"విప్పినాక పగులు లేకపోతే ఏందే అమ్మాయ్? ఇంకోసారి ఉందంటే నా మాట ఎవుడు నమ్ముతాడు?"

ఆ మాటను ఎన్ని వైపులనుంచి చూశానో. ఒకసారి అది మాటకు విలువిచ్చే మనిషి మాటలా వినిపిస్తుంది. మరోసారి, వాడి బతుకు కంటే తన మాటే ఎక్కువైందా అనిపించి మనసు ముడుచుకుంటుంది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక పిల్ల, ఈ కోర్సు తీసుకుంటే నిలదొక్కుకుంటానా మేడం అని అడిగినప్పుడు నేనూ తెలియదనే చెప్పాను. ఆ రోజంతా బాబాయే గుర్తుకొచ్చారు.

ఆయన్ను తీసుకువెళ్లేటప్పుడు అన్నయ్య వీధి చివర ఆగాడు. జనం మలుపు తిరుగుతుండగా గబగబా వెళ్లి పాడెకు భుజం పట్టాడు. తిరిగొచ్చాక, ఇంట్లోకి రాకుండా గోడ దగ్గర నిలబడ్డాడు. అక్కడ ఎవరి బండిదో ఒక బుడ్డి ఇంకా ఉంది. దాన్ని ఎత్తి ఎండకు పెట్టి చూశాడు. మూతికి వేలు రాసి వాసన చూశాడు.

"ఉందా?" అన్నాను.

అన్నయ్య బుడ్డిని ఎక్కడిదక్కడే, కదలకుండా పెట్టాడు.

ఆ పొద్దున బాబాయి తాళం ఇవ్వడం సరైన పనో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వచ్చేటప్పుడు నేనూ ఆ బుడ్డిని చూశాను. నీళ్ల మీద సన్నగా ఏదో మెరుస్తోంది. డీజిలో, ఎండో.