తెరవకుండా చూసిన కడుపు

కోసే చేతికి కోతంటే భయం ఉండదని లోకం అనుకుంటుంది. లోకానికేం, తీరిగ్గా కూర్చుని బోలెడు అనుకుంటుంది. తూకం బాబాయి ముప్పై ఏళ్ళుగా మాంసం కొట్టు నడుపుతున్నాడు. కిలో అడిగితే కిలో, ముప్పావు అడిగితే ముప్పావు, కంటితోనే కొలిచి ఒక్క వేటుకి నరికేవాడు. తక్కెట్లో వేస్తే ముల్లు అటూ ఇటూ కదిలేది కాదు. ఆ పేరు అలా వచ్చిందే. అసలు పేరు కట్టుకున్న మా అక్క కూడా మర్చిపోయిందని అతని బావమరిది ఎగతాళి చేసేవాడు. అలాంటి మనిషి ఆస్పత్రి మంచం మీద దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ప్రాణం పోయినా సరే నన్ను కొయ్యనివ్వనని భీష్మించుకుని కూర్చున్నాడు.

రోగం మొదలైంది కొట్టులోనే. మిట్టమధ్యాహ్నం మాంసం కొట్టే మొద్దు ముందు నిలబడి ఉండగా రొమ్ము కింద ఓ నొప్పి పుట్టి, మేకు దిగ్గొట్టినట్టు వీపులోకి దిగింది. కత్తి జారవిడిచి ముందుకు వంగిపోయాడు. బావమరిది చంకల కింద చేతులేసి ఆస్పత్రికి ఎత్తుకుపోయాడు. పిత్తాశయంలోంచి ఒక చిన్న రాయి జారి దారికి అడ్డుపడిందనీ, అన్నం అరిగించాల్సిన రసం ఎదురుతిరిగి తను పుట్టిన క్లోమాన్నే అరిగించేస్తోందనీ అక్కడ చెప్పారు. సెలైన్లు ఎక్కించి, మందులిచ్చి, కాస్త తేరుకున్నాక ఇంటికి పంపారు. నెల తిరిగేసరికి రెండు ముద్దలు తింటే కడుపు బిగిసిపోవడం, తిన్నది తిన్నట్టే కక్కుకోవడం, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోవడం. స్కానింగు తీస్తే, క్లోమంలో చచ్చిపోయిన భాగమూ చీమూ కలిసి కడుపు వెనకాల ఓ తిత్తిలా గూడు కట్టాయని తేలింది. అది ముందుకు తోసుకొచ్చి కడుపుని నొక్కేస్తోంది. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే ఆ విషం ఒళ్ళంతా పాకి మనిషి దక్కడని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

క్లోమం అన్న మాట బాబాయి అదివరకు వినలేదు. వస్తువు మాత్రం తెలుసు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీయగానే గుర్తుపట్టేశాడు.

"ఓస్, ఇదా! కడుపు సంచి వెనక నాలికలా మెత్తగా ఉంటుంది. దీన్ని మా కొట్టులో ఎవరూ కొనరమ్మా. కుక్కలకి పడేస్తాం."

"మీ వీధి కుక్కలది అదృష్టం. మీ దాన్ని మాత్రం పడెయ్యడానికి లేదు," అని డాక్టరమ్మ నవ్వింది. తర్వాత అసలు సంగతికొచ్చింది. "ఒకప్పుడు దీనికి పొట్ట బారున కోసి శుభ్రం చేసేవాళ్ళు..."

అంతే. బాబాయి చెవులు అక్కడే మూసుకుపోయాయి. ఆమె ఇంకా చాలా చెప్పింది, చేతులు తిప్పుతూ చెప్పింది, కాగితం తిరగేసి ఇంకో బొమ్మ కూడా గీసింది. ఒక్క ముక్కా అతనికి ఎక్కలేదు. ఆమె బయటికి వెళ్ళాక దుప్పటి పైకి లాక్కుని, ఇంటికి పోదాం పదమన్నాడు.

బావమరిది బతిమాలాడు. "బావా, ఎన్ని పొట్టలు కోశావు నువ్వు! నీకు భయమేంటి?"

"అదేరా నా బాధ. ఎన్ని కోశానో నాకు తెలుసు. తెరిచిన పొట్ట మళ్ళీ మూసుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

బావమరిది తలెత్తి చూశాడు. నవ్వుదామంటే బావ కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. ఆస్పత్రిలో కోయించుకున్న వాళ్ళు లేచి తిరుగుతున్నారని బాబాయికి తెలియక కాదు. ఎదురింటి టైలరుకి కోశారు, పాలబ్బాయి తల్లికి కోశారు. వాళ్ళు రోజూ కళ్ళ ముందే నడుస్తారు. కానీ తెలియడం వేరు, ముప్పై ఏళ్ళు చేతులతో చూసింది వేరు. అతని చేతుల్లో కత్తి దిగాక లేచిన ప్రాణి ఒక్కటీ లేదు మరి.

భార్య అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. కొట్టులో పొట్లాలు కట్టేదీ, అరువు బేరాలు తిప్పికొట్టేదీ ఆవిడే. మెత్తగా మాట్లాడటం ఆవిడకి పెద్దగా అలవాటు లేదు.

"ఏవండీ, భయంగా ఉందని చెప్పండి, నేను వింటాను. అంతేగానీ నాకు శాస్త్రాలు చెప్పకండి. ఆవిడ నోట్లోంచి గొట్టం వేస్తానంది. పొట్ట మీద కత్తి గాటు కూడా పడదంది. మీరు విన్నారా అసలు?"

"నోట్లోంచా?"

"ఆఁ, నోట్లోంచే. మీరు ఎండుచేపలా బిగుసుకుపోయి కూర్చున్నారు, వినలేదు."

బాబాయి దుప్పటి కిందికి దించాడు. తర్వాత భార్య చెయ్యి పట్టుకుని, భయంగానే ఉందే, చాలా భయంగా ఉంది అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన నోట ఆ మాట ఆవిడ వినలేదు. కోపమంతా దిగిపోయి ఆయన తల తన పొట్టకి ఆనించుకుంది. బావమరిది మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చి మొదటినుంచీ చెప్పింది. ఈసారి బాబాయి కళ్ళార్పకుండా విన్నాడు. మత్తిచ్చి పడుకోబెట్టి, నోట్లోంచి కడుపులోకి ఓ సన్నని గొట్టం దింపుతుంది. ఆ గొట్టం కొసన కెమెరాతో పాటు స్కానింగు కూడా ఉంటుంది. కడుపు లోపలినుంచే గోడ అవతల ఉన్న తిత్తిని చూసి, కడుపు గోడకీ తిత్తి గోడకీ కలిపి కన్నం పెట్టి, ఆ కన్నంలో లోహపు అల్లిక తూము ఒకటి బిగిస్తుంది. నమూనాకి తెచ్చిన తూము దారపు రీలులా రెండు అంచులూ వెడల్పుగా, నడుము సన్నగా ఉంది. చీము దాంట్లోంచి కడుపులోకి, కడుపులోంచి పేగుల్లోకి దిగి తన దారిన తను పోతుంది.

బాబాయి ఆ తూముని అరచేతిలో పెట్టుకుని వేలితో నొక్కి చూశాడు. నొక్కితే అణిగి, వదిలితే విచ్చుకుంది.

"తల్లీ, ఒక్క మాట. అక్కడ, ఆ వెనకాలే, లావుపాటి నరం ఒకటి పోతుంది. నెత్తురు నరం. నా కత్తి దానికి తగిలిందంటే కొట్టంతా రక్తమే. గోడ అవతల ఉన్నదాన్ని మీరెలా తప్పిస్తారు?"

"అందుకే ఆ స్కానింగు. నెత్తురు పారే చోట రంగు కనిపిస్తుంది. రంగు లేని చోటు దొరికేదాకా నేను సూది కదపను. ఒక్కోసారి చాలాసేపు వెతుకుతాను. అయినా ప్రమాదం బొత్తిగా లేదని మాత్రం అనను."

ఆ చివరి మాటే బాబాయిని ఒప్పించింది. వట్టి ధైర్యం చెప్పే వాళ్ళని అతను కొట్టులో రోజూ చూస్తూనే ఉంటాడు.

మర్నాడు పొద్దున్న చక్రాల మంచం మీద తీసుకెళ్ళారు. ఆ గది చల్లగా ఉంది. గోడకి పెద్ద తెర, దాని కింద మిషన్లు. ఎడంవైపుకి తిప్పి పడుకోబెట్టి, నోరు మూసుకోకుండా పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. నర్సమ్మ ఏదో అడుగుతుంటే జవాబు చెబుదామనుకున్నాడు. ఆ జవాబు చెప్పకుండానే నిద్రలోకి జారిపోయాడు.

కళ్ళు తెరిచి ముందు చేసిన పని పొట్ట తడుముకోవడం. గాటు లేదు, కట్టు లేదు. సగం మత్తులోనే చొక్కా పైకెత్తి కిందా మీదా చూసుకుంటుంటే, "బొడ్డు ఉన్నచోటే ఉంది బావా, నేను కాపలా కాశాను," అన్నాడు బావమరిది. ఇంకో రెండు రోజులకి జ్వరం దిగింది. మూడో నాడు గంజి తాగితే కడుపులో నిలిచింది. భార్య ఆ ఖాళీ గిన్నెని ఊరికే అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది.

చీము పోయింది గానీ, చచ్చిపోయిన కండ ఇంకా లోపలే ఉంది. డాక్టరమ్మ ఆ తూములోంచి తిత్తిలోకే గొట్టం పోనిచ్చి దాన్ని తీసింది. ఒక్కసారితో అయ్యే పని కాదది. మళ్ళీ మళ్ళీ మత్తిచ్చి, కొంచెం కొంచెంగా తీసింది. ఆ పనంతా మిషన్‌లో బొమ్మగా నిలిచి ఉంటుందని తెలిసి, ఒక్కసారి చూపించమ్మా అని బాబాయి ప్రాధేయపడ్డాడు. ఆమె కుర్చీ జరిపి తెర ముందు కూర్చోబెట్టింది.

"పొట్ట చించితే అక్షరం ముక్క రాదు మా బావకి. మీకు లోపలేం కనబడిందో ఏమో," అన్నాడు బావమరిది వెనకనుంచి.

బాబాయి వినిపించుకోలేదు. తెర మీద గొట్టం గొంతు దిగింది, కడుపు తెరుచుకుంది. ఆ మడతలు అతనికి కొత్తవి కావు. లెక్కలేనన్ని సార్లు బోర్లించి కడిగిన సంచి అదే. కానీ అతనెరిగిన సంచి బూడిదరంగులో ఉంటుంది, చల్లబడుతూ ఉంటుంది, ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంటుంది. ఇది గులాబీ రంగులో తడితడిగా మెరుస్తూ, తనంతట తనే ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంది. ఓ మూల గోడ సన్నగా అదురుతోంది.

"అదేంటమ్మా, ఆ అదురు?"

"మీ గుండె కొట్టుకుంటోంది. దాని దెబ్బ అక్కడిదాకా తెలుస్తుంది."

తూకం బాబాయి తెర దగ్గరికి వంగాడు. ముప్పై ఏళ్ళలో అతను చూడని లోపలి భాగమంటూ లేదు. బతికున్న లోపలిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో అతనికే తెలియదు.

తెర మీద గొట్టం తూము దాటి తిత్తిలోకి దూరింది. అక్కడ మసకగా, పీలికలు పీలికలుగా చచ్చిన కండ. సన్నని తీగ ఉచ్చు ఒకటి బయటికొచ్చి ఒక పీలికని పట్టుకుని మెల్లిగా లాగింది. రాలేదు. బాబాయి చెయ్యి తెలియకుండానే బిగుసుకుంది. తనైతే ఒక్క గుంజు గుంజేవాడు. ఉచ్చు ఆ పీలికని వదిలేసి, నీళ్ళు చిమ్మి, పక్కనున్న ఇంకోదాన్ని పట్టుకుంది. అది వచ్చింది. ఆ రానిదాన్ని ఎందుకొదిలేశారని అడిగాడు.

"అది ఇంకా బతికున్నదాన్ని పట్టుకుని ఉంది. లాగితే రెండూ వస్తాయి. నాలుగు రోజులు ఆగితే చచ్చింది తనే విడిపోతుంది. తొందరేముంది?"

అతను డాక్టరమ్మ వేళ్ళకేసి చూశాడు. సన్నగా, గోళ్ళు కురచగా, మామూలుగా ఉన్నాయి. చేతి పనితనమంటే వేటు గురి అని ఇన్నేళ్ళూ నమ్మాడు. ఆగడం కూడా పనితనమేనని ఎవరూ చెప్పలేదు. అతనికి ఆవిడంటే భక్తిలాంటిదే పుట్టింది. దాన్ని దాచుకోలేదు కూడా.

వారాలు గడిచాక తిత్తి ముడుచుకుపోయింది. తూము బయటికి తీసేశారు. బాబాయి బక్కచిక్కాడు గానీ బతికాడు, అన్నం తింటున్నాడు. ఆఖరిసారి చూపించుకోవడానికి ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ స్కానింగు చూసి సంతోషించి, తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకొక్కటి మిగిలింది. ఆ రాళ్ళ సంచి, పిత్తాశయం. అది లోపలుంటే మళ్ళీ ఏదో రోజు ఇంకో రాయి జారుతుంది. దాన్ని తీసెయ్యాలి. అది నా గొట్టంతో కాదు, సర్జన్ చెయ్యాలి. చిన్న కన్నాలే పెడతారు. కానీ..." ఆమె అతని కళ్ళలోకి చూసింది. "పొట్ట మీద కత్తి పడుతుంది. అవసరమైతే పెద్దగానే కొయ్యాల్సి రావచ్చు. ముందే చెబుతున్నాను."

భార్య చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది. బావమరిది గొంతు తగ్గించి, "బావా, కత్తి అంటున్నారు. విన్నావా?" అన్నాడు.

"ఈసారి మొత్తం విన్నాన్రా."

బాబాయి మొహం పాలిపోయింది. ఒక చెయ్యి పొట్ట మీదికి పోయింది. దాన్ని దాచుకోవాలని కూడా చూడలేదు.

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని లోకులు నవ్వుతారు కదరా. నేనూ నవ్వాను. కొట్టులో ఎన్నిసార్లన్నానో ఆ మాట, అది తెలివితక్కువదనే అనుకున్నాను." అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "నమ్మడానికి ఎంత గుండె కావాలో నాకేం తెలుసు?"

అతను లేచి నిలబడి, డాక్టరమ్మకేసి తిరిగాడు.

"ఎప్పుడు రమ్మంటారు తల్లీ?"