గుమ్మడికాయను తొక్కిన హాట్ రాడ్

ముందే చెబుతున్నాను, ఈ కథ చివర ఒక గుమ్మడికాయ పగులుతుంది. దాంతోపాటు నా పరువు కూడా. తప్పు నాదేనని అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్లంతా అంటారు. ప్రసాద్‌దని నేనంటాను. తీర్పు మీరే చెప్పండి. కాకపోతే నా వైపు చెప్పండి.

ప్రసాద్ నా ఆఫీసువాడే. కార్ల కంపెనీలో ఇద్దరం సస్పెన్షన్లు డిజైన్ చేస్తాం. అంటే, రోజంతా కంప్యూటర్లో చక్రాల్ని గతుకుల మీద ఎగరేస్తాం. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో, నా ప్లేట్లో వేడి గారె ఉండగా, పదిమంది ముందు వాడన్న మాట నేను చచ్చినా మరువను.

"ఏంది మూర్తీ, గ్యారేజ్‌ల హాట్ రాడ్ కడ్తున్నవంట? కంప్యూటర్ల గీసుడు వేరు, ఇనుము కోసుడు వేరు. నీ బండి గుడి పార్కింగ్ లాట్ దాటి బయటికి పోతే, నేను మైక్ పట్టుకొని అందరి ముందర నీకు సారీ చెప్త!"

గారె చల్లారిపోయింది. నేను చల్లారలేదు.

హాట్ రాడ్ అంటే, తాతల కాలం నాటి కారుకి మడ్‌గార్డులు పీకేసి, పెద్ద ఇంజన్ పెట్టి, ముందు భాగాన్ని ముక్కు నేలకు రాసేంత కిందికి దించిన బండి. ముందు చక్రాలూ, వాటిని కలిపే ఇరుసూ, దాని మీద లారీ కమానులాంటి స్ప్రింగూ అన్నీ బయటికే కనిపిస్తాయి. తప్పు చేస్తే దాచుకోవడానికి చాటుండదు. ఆ ముందు భాగమంతా నా చేతులతోనే కట్టాను. బ్రాకెట్లు కోశాను, వెల్డింగ్ చేశాను, ఉన్న టీషర్టులన్నిటికీ చిల్లులు పెట్టుకున్నాను.

అంతటితో ఆగితే నేను మూర్తినెందుకవుతాను? ఇక్కడివాళ్లు దీన్ని ట్రెడిషనల్ హాట్ రాడ్ అంటారు. ఎవరి ట్రెడిషన్ అండీ? నేను డ్రైవింగ్ నేర్చుకుంది గుంటూరులో, కుడివైపు కూర్చుని. అందుకని ఎడమవైపున్న స్టీరింగ్ బాక్స్ విప్పి, ఉన్నదున్నట్టు తెచ్చి కుడివైపు బిగించాను. దాన్నుంచి చక్రానికి వెళ్లే కడ్డీని కూడా ఇటే తెచ్చాను.

పరీక్ష చేయకుండా ఉంటానా? ముందు చక్రాలు గాల్లోకి లేపి, మా ఆవిడ సుజాతని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, నేను కారుకి ఎదురుగా నిలబడ్డాను.

"కుడికి తిప్పు!"

తిప్పింది. చక్రాలు నా కుడికి తిరిగాయి.

"కరెక్ట్!"

"ఏమండీ, నేను ఇటు తిప్పితే అవి అటు పోతున్నాయేంటి?"

"నువ్వు అటు కూర్చున్నావు, నేనిటు నిలబడ్డాను. చక్రాల్ని చూస్తున్నది నేను కదా!"

"చక్రాలు నాకూ కనిపిస్తున్నాయండీ."

"సస్పెన్షన్ నీ సబ్జెక్టా, నా సబ్జెక్టా?"

ఆవిడ దిగిపోయి చేతులు కడుక్కుంది. ఆ కడుక్కోవడం వెనక అర్థం నాకు తరువాత తెలిసింది.

రోడ్డు మీద ఒక్కసారి నడిపి చూసి ఉంటే బతికిపోయేవాణ్ణి. కానీ పూజ చేయించకుండా కొత్త బండిని రోడ్డెక్కించడం మా ఇంటా వంటా లేదు. కనుక దసరా రోజున దాన్ని ట్రైలర్ మీద గుడికి మోసుకెళ్లాం. దాని జీవితంలో తొలి అడుగు నిమ్మకాయల మీదే.

దించేసరికి నా ఎడమవైపు ముందర ప్రసాద్ కొత్త తెల్ల కారు, పూలదండ వేసుకుని పెళ్లికొడుకులా ఉంది. దాని ముందు దిష్టి తీయడానికి గుమ్మడికాయ. పక్కన పట్టుపంచెలో ప్రసాద్, చేతిలో మైకు.

పంతులుగారు బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సుజాత పక్కన ఎక్కింది. ఇంజన్ గర్జించింది. నిమ్మకాయలు చిట్లాయి. బండి తిన్నగా కదిలింది! జనం చప్పట్లు. ఎదురుగా ప్రసాదం టెంటు, బయటికి దారి కుడివైపు. దర్జాగా కుడికి తిప్పాను.

బండి ఎడమకు పోయింది.

ఇంకాస్త కుడికి తిప్పాను. ఇంకాస్త ఎడమకు పోయింది. తెల్ల కారు పెద్దదవుతోంది.

"ఏమండీ, ఎడమకు తిప్పండి!"

"ఎడమకే పోతోంది, ఇంకా ఎడమకెందుకే?"

"నా మాట వినండి, ఎడమకు!"

"నోర్ముయ్, నాకు తెలుసు!" అంటూ పూర్తిగా కుడికి తిప్పేశాను.

"మూర్తీ, ఆపు! నా కారు! ఇంకా నంబర్ ప్లేట్లు కూడ రాలే!" ప్రసాద్ మైకులోనే అరిచాడు.

బ్రేకు మీద నిలబడ్డాను. నేను కట్టిన బండి ముక్కు దించి, ముందు చక్రంతో గుమ్మడికాయ మీదికెక్కి, ఫటేలుమని పగలగొట్టి, తెల్ల కారుకి బెత్తెడు దూరంలో ఆగింది. గుజ్జంతా పట్టుపంచె మీద.

పంతులుగారు తేరుకుని, "అయ్యా, దిష్టి పూర్తిగా పోయింది" అన్నారు.

"ఏం పోయింది పంతులుగారూ? స్టీరింగ్ పట్టుకొని ఎదురుగనే కూసున్నది!" అన్నాడు ప్రసాద్.

స్టీరింగ్ బాక్స్‌ని ఎడమ నుంచి కుడికి తెచ్చినప్పుడు అద్దంలో బొమ్మలా తిరగేసి బిగించాలట, లేకపోతే ఇటు తిప్పితే అటు పోతుందట. ఆ సంగతి వాడే వంగి చూసి, మైకులోనే చెప్పాడు. ఈ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

తరువాత అన్న మాట ప్రకారం మైకులో సారీ వినిపించింది. గొంతు మాత్రం నాది.

బండిని మళ్లీ ట్రైలర్ ఎక్కిస్తుంటే సుజాత నెమ్మదిగా అంది: "సొంతంగా కట్టారు కదా, మీ పోలికే వచ్చిందండీ. ఎటు పొమ్మంటే దానికి ఎదురే పోతుంది."

అందుకే, పోయిన ఆ గుమ్మడికాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సుజాత "ఇటు తిప్పితే అటు పోతోంది" అంటే మారు మాట్లాడకుండా వింటాను. హాట్ రాడ్ల విషయంలో మాత్రమే.