ఇంటికి పో

విజయనగరం వైపు ఓ చిన్న స్టేషన్లో నా పక్కన కూర్చున్న ముసలామె, కొంగుముడి విప్పి కొత్త తాళంచెవి చూపించింది. ఏళ్ల తరబడి ఆమె మేం కూర్చున్న ఆ బల్ల మీదే పడుకునేదట.

"రేషను కార్డుకి అడ్రసు కావాలన్నారు. అడ్రసుకి ఇల్లుండాలన్నారు. ఇల్లడిగితే కార్డేదన్నారు. ఒగ్గేస్తానా? ఆఫీసుల సుట్టూ తిరిగినాను. సీపురుపల్లి కాలనీలో ఇల్లిచ్చినారు. ఇయ్యాల ఇక్కడి టీకొట్టామెని సూసిపోదామని వచ్చినాను."

ఇంతలో పోలీసు వచ్చి, అలవాటుగా బల్లను లాఠీతో కొట్టాడు.

"మళ్లీ వచ్చీసినావా? లెగు, ఇంటికి పో!"

ఇల్లు లేని మనిషిని ఇన్నేళ్లూ తరిమిన మాట అదే. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం లేవలేదు. టిక్కెట్టు పైకెత్తి, స్టేషనంతా వినబడేలా నవ్వింది.

"ఇంటికే ఎల్తన్నాను బాబూ. బండి రానీ!"