చలివేంద్రంలో నాకు పుట్టిన కూతురు

ముందే చెప్పేస్తున్నా, నాకింకా పెళ్ళి కాలేదు. ఈ మాట మీకు చెప్తే నమ్ముతారు. మా టౌనులో సారం అనే పేటలో చెప్పండి చూద్దాం, ఒక్కడు నమ్మడు! అక్కడ నాకొక కూతురుంది. పేరు తమిళ్‌సెల్వి. పేరు పెట్టింది సాక్షాత్తూ మా ఎమ్మెల్యే. అదీ మైకులో!

నవ్వకండి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మా చెల్లెలు దేవకిని సారంలో ఇచ్చాం. వాళ్ళ మామగారిది అసలు విల్లియనూరు పక్క. వ్యవసాయం చేసి చేసి, మోకాళ్ళు పట్టేశాక కొడుకు దగ్గరికి టౌనుకు వచ్చేశాడు. ఆయన్ని అందరూ కుట్టి నాయుడు అంటారు. మా ఊళ్ళో తమిళమే ఎక్కువ, కుట్టి అంటే మనం బుజ్జిగాడు అన్నట్టు. మనిషేమో ఎంత పొడుగంటే, మా ఇంటి గుమ్మంలో తలొంచుకుని రావాలి! ఏం జరిగిందంటే, పుట్టినప్పుడు, ఇంకా పేరు పెట్టకముందే, వాళ్ళ మేనత్త ముద్దుగా "కుట్టీ" అని పిలిచిందట. అంతే. తర్వాత గుళ్ళో శుభ్రంగా రంగనాయకులు అని పెట్టారు. రేషన్ కార్డులో తప్ప ఆ పేరు ఇంకెక్కడా బతకలేదు. ముసలాడైపోయినా కుట్టి నాయుడే.

అందుకని మనవడు పుట్టగానే ఆయన ఇంట్లో చట్టం పెట్టాడు.

"విల్లియనూరు గుళ్ళో నేను వాడి చెవిలో మా నాయన పేరు చెప్పేదాకా, ఈ బిడ్డను ఎవురూ ఏ పేరుతోనూ పిలవగూడదు. మొదట ఏ పేరు చెవిలో పడితే అదే అతుక్కుంటాది. నా బతుకు చూసినారు గదా!"

వాళ్ళ నాయన పేరు వెంకటాచలం. దేవకికేమో ఏదో కొత్త పేరు పెట్టుకోవాలని ఆశ. "ఈ రోజుల్లో వెంకటాచలం ఏంది అన్నా" అని నా దగ్గర ఏడ్చింది కూడా. కానీ ఆ పెద్దాయన గడప దగ్గర కూర్చుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, పేరు లేకుండా "ఒరేయ్, ఇదిగో, నిన్నే" అని ఆడిస్తుంటే చూసి కరిగిపోయింది. "పోనీలే, ముసలాయన ఆశ" అంది. నాకూ అలాగే అనిపించింది. అట్లా మూడు నెలలుగా ఆ ఇంట్లో బిడ్డ పేరు 'ఇదిగో'.

మా వైపు ఇంకో ముచ్చట ఉంది. మగబిడ్డకు గుండు కొట్టించేలోపు ఒకసారి ఆడపిల్ల వేషం వేసి ఫోటో తీయించాలి. పట్టుపావడా, గాజులు, బుగ్గన చుక్క, నెత్తిన సవరం, దానిమీద మల్లెపూలు, అన్నీ! గుండూ పేరూ ఆదివారమే పెట్టుకున్నారు కాబట్టి ఫోటోకి శుక్రవారం మిగిలింది. నేను బస్సు డిపోలో మెకానిక్కుని, ఆరోజు నాకు సెలవు.

"అన్నా, నువ్వు బిడ్డను ఎత్తుకోని స్టూడియోకు పో. నేను పాలు కలుపుకోని ఎనకాలే వస్తా" అంది దేవకి.

మేనమామని. కాదంటానా? నాయుడు మామ కునుకు తీస్తుండగా, వేషంతోనే బిడ్డను ఎత్తుకుని బయల్దేరా.

ఇక్కడ మా ఎమ్మెల్యే గురించి కాస్త చెప్పాలి. ఆయన్ని పిలిస్తే రాని కార్యం లేదు. చెవులు కుట్టడం, గృహప్రవేశం, కొత్త బైకుకు పూజ, ఆఖరికి చావు. ఒక వీధిలో కన్నీళ్ళు తుడిచి పక్క వీధిలో అక్షింతలు వేస్తాడు, ఎక్కడ శాలువా కప్పాలో ఎక్కడ దండ వేయాలో ఒక్కసారి కూడా తికమక పడడు. ఒకసారి మొహం చూశాడంటే జన్మలో మర్చిపోడు. ఆయన చేత బిడ్డకు పేరు పెట్టించుకోవడం మా దగ్గర పెద్ద గౌరవం. ఏ సభకు వచ్చినా పసిబిడ్డలతో జనం వరసలో నిలబడతారు. ఆయన బిడ్డను ఎత్తుకుని మైకులో మంచి తమిళ పేరు ఒకటి చెప్తాడు. చప్పట్లు, టపాకాయలు, ఫోటో. ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు! ఆరోజు మాత్రం బుర్ర ఎక్కడ పెట్టి మరిచిపోయానో.

స్టూడియో రోడ్డుకు అవతలి పక్క. వెళ్ళి చూస్తే రోడ్డుకు అడ్డంగా పందిరి! చలివేంద్రం ప్రారంభమట. పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ బానలు, కరెంటు స్తంభాలకు కట్టిన మైకులు, జనమే జనం. పందిరి అవతల స్టూడియో బోర్డు కనిపిస్తూనే ఉంది, పోవడానికి సందు లేదు. నెత్తిన ఎండ మాడుస్తోంది, చేతిలో బిడ్డ.

తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన నన్ను చూశాడు. కార్యకర్త, చొక్కాకు బ్యాడ్జీ కూడా ఉంది. "అన్నే, బిడ్డతోనా? ఇట్లా రా, ఇట్లా రా! తోవ వదలండప్పా, చేతిలో బిడ్డుంది!"

ఎంత మంచివాడు అనుకున్నా. "ఫోటోకి పోవాలన్నా" అన్నా.

"ఫోటో లేకుండానా! వీడియో కూడా ఉంటుంది, నువ్వు రా!"

నాకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిపించాడు. మా ముందు ఇంకొందరు బిడ్డల్ని ఎత్తుకుని నిలబడున్నారు. ఓహో, వీళ్ళూ స్టూడియోకే కాబోలు, ఈరోజు ముహూర్తం బాగున్నట్టుంది అనుకున్నా. మెట్లు వచ్చాయి. ఎక్కమన్నాడు. పందిరి వెనకనుంచి దించుతారు కాబోలు అనుకుని ఎక్కేశా.

ఎక్కి తలెత్తి చూస్తే ఎదురుగా ఎమ్మెల్యే!

నేను నోరు తెరిచేలోపు బిడ్డ ఆయన చేతుల్లో ఉంది. మా వాడు ఏడవొచ్చు కదా? లేదు! ఆయన శాలువా పట్టుకుని బోసినోటితో ఒకటే నవ్వు.

"మహాలక్ష్మిలా ఉంది! మీ పేరేంటి?" అన్నాడాయన.

"ఆర్. గోపి సార్. కానీ..."

"పాప వాళ్ళమ్మ రాలేదా?"

"పాలు కలుపుతోంది సార్. అది కాదు సార్, నేను వచ్చింది..."

మైకు ఆయన చేతికి వెళ్ళిపోయింది. "మన గోపి గారి ముద్దుల కూతురికి, తమిళ్‌సెల్వి అని పేరు పెడుతున్నాను!"

చప్పట్లు. కింద ఎవరో టపాకాయల దండకు నిప్పు పెట్టారు. ఆ మోతలో నేను ఆయన చెవి దగ్గరికి పోయి గొంతు చించుకుని అరిచా, "మగబిడ్డ సార్! మగబిడ్డ!"

ఆయన నా భుజం తట్టి, నా చెవిలో అంతకంటే గట్టిగా అరిచాడు. "తప్పకుండా! తర్వాతిది మగబిడ్డే, కంగారు పడకు!"

ఫోటో తీశారు. అందులో నేను నవ్వుతున్నా! ఎందుకు నవ్వానో నాకే తెలియదు. కెమెరా కనిపిస్తే పళ్ళు బయటపెట్టే రోగం నాకు.

అవతలి పక్క మెట్లు దిగితే సరిగ్గా స్టూడియో ముందే ఉన్నా. ఆ కార్యకర్త మాట మాత్రం తప్పలేదు, పాపం.

పాలసీసాతో దేవకి ఎదురొచ్చింది. "మైకులో ఎవురికో పేరు పెడతాండారు, విన్నావా అన్నా?" ఊఁ అన్నా. వేషం ఫోటో దిగి, అక్కడే వేషం తీసేసి ఇంటికెళ్ళాం. గడప దగ్గర నాయుడు మామ. మైకుల్లో ఒకటి వాళ్ళ వీధి స్తంభానికే కట్టారు, నేను చూసుకోలేదు.

"ఎవురో నీ పేరోడి బిడ్డంట, మంచి పేరు పెట్టినాడబ్బా. తమిళ్‌సెల్వి! వినేదానికి బాగుండాది" అన్నాడు, అదే బిడ్డను ఒళ్ళోకి తీసుకుంటూ.

మొదట చెవిలో పడ్డ పేరే అతుక్కుంటుందన్నాడు కదా. చెవిలో పడటం ఏంటి, మైకు వాడి చెవి పక్కనే ఉంది! ఆదివారం దాకా ఎవరికీ ఒక్క ముక్క చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నా. రెండు రోజులేగా, ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు పొద్దున్నే దేవకి ఫోను. "అన్నా, మా వీధి మొదట్లో నీకు ఫ్లెక్స్ కట్టుండారు. ఎమ్మెల్యే చేతిలో మావోడు. ఏందన్నా ఇది?"

ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, బండి తీసుకుని పరుగో పరుగు. పోతుంటే మా ఇందిరా నగర్ మలుపులో కూడా ఇంకోటి! 'మా కుమార్తెకు తమిళ్‌సెల్వి అని పేరు పెట్టిన మా నాయకుడికి కోటి వందనాలు. ఇట్లు, తండ్రి ఆర్. గోపి.' నేను ఎవరికీ చెప్పలేదు, రాయలేదు. ఆ తెల్లచొక్కా కార్యకర్త అభిమానం కొద్దీ తనే కట్టించేశాడట!

నేను వెళ్ళేసరికి సారంలో ఫ్లెక్స్ కింద నాయుడు మామ చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గోపీ."

"మామా."

"ఇది నువ్వే గదా?"

ఏమని చెప్పను? నా పళ్ళు ఆ ఫ్లెక్స్ మీద జానెడున్నాయి. "నేనే" అన్నా.

"తండ్రి అని రాసుండారే."

ఆయన పాప మొహం వైపు చూస్తున్నాడు. చూస్తున్నాడు, చూస్తున్నాడు. ఫ్లెక్స్ వాడికి దండం పెట్టాలి, బుగ్గలకు గులాబీ రంగు కొట్టి, కళ్ళు పెద్దవి చేసి, బిడ్డను బిడ్డలా ఉంచలేదు. "ముక్కు చూడు, అచ్చంగా మీ ఇంటి ముక్కు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడు చేసుకుంటివి పెండ్లి? మీ అమ్మకు తెల్సునా?" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆయన మనవడిని పోల్చుకోలేదు. నాకే ఎక్కడో గుట్టుగా ఒక సంసారం ఉందనుకుంటున్నాడు!

నిజం చెప్పేయొచ్చు. చెప్తే? ఇన్నాళ్ళు బిడ్డను 'ఇదిగో' అని పిలుచుకుంటూ తండ్రి పేరు కోసం కాచుకున్న మనిషి. ఊరంతా కుట్టి అని పిలుస్తుంటే పళ్ళ బిగువున ఓర్చుకున్న మనిషి. ఇంకొక్క రోజుంది. ఆ కళ్ళలోకి చూసి చెప్పడానికి నాకు మనసు రాలేదు. పైగా మా చెల్లెలు ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి.

"తెలుసు మామా" అన్నా.

"ఆ పిల్ల యాడుంది?"

"ఎవరు మామా?"

"నీ పెండ్లామురా!"

"పాలు కలుపుతోంది" అనేశా. ఆ సమయానికి ఇంకో మాట తడితే ఒట్టు!

ఆదివారం విల్లియనూరు గుళ్ళో అంతా బాగా జరిగింది. గుండు అయింది. నాయుడు మామ బిడ్డను దగ్గరికి తీసుకుని, చెవిలో "వెంకటాచలం, వెంకటాచలం" అన్నాడు. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని ఆయన్నే చూశాడు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు చెప్పాలి. అమ్మయ్య, గండం గడిచింది అనుకుని బిడ్డను ఎత్తుకుని ప్రాకారంలోకి వచ్చా.

ఎదురుగా ఎమ్మెల్యే! వేరే వాళ్ళింటి చెవులు కుట్టే వేడుకకు వచ్చాడట. నన్ను చూడగానే రెండు చేతులూ చాచాడు.

"అరే, సెల్వి అప్పా! పాప బాగుందా? ఎక్కడ?"

అప్పా అంటే మన నాయనే. అంటే నేను సెల్వి వాళ్ళ నాయన్ని! "ఇంట్లో ఉంది సార్" అన్నా.

"ఇతనెవరు?" అని నా చేతిలో గుండు మీద చెయ్యి పెట్టాడు.

"మా మేనల్లుడు సార్. వెంకటాచలం."

"అచ్చం పాప పోలికే!" అని బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు. మొహం మర్చిపోడని చెప్పాను కదా.

వెనకనుంచి నాయుడు మామ నా భుజం మీద చెయ్యేశాడు. "పాపను కూడా తీసుకోని రావల్సింది గదరా. ఎన్నాళ్ళు దాస్తావు?"

అక్కడితో అయిపోతే ఈ కథ మీకు చెప్పేవాణ్ణే కాదు. పోయిన వారం మా అమ్మ ఒక సంబంధం తెచ్చింది. మంచి సంబంధం. పిల్ల ఫోటో చూసి నేను కొత్త చొక్కా కూడా కొనుక్కున్నా. వాళ్ళు ఆటోలో వచ్చి మా వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర, "ఆర్. గోపి ఇల్లెక్కడ?" అని అడిగారట. ఇదే కొట్టు, ఇదే మహానుభావుడు!

"గోపినా? ఎవరబ్బా... ఓ, సెల్వి అప్పానా! నేరుగా పోండి" అన్నాడట.

ఆటో అటునుంచి అటే తిరిగిపోయింది. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "నాయుడన్నకు నిజం చెప్పేయరా" అంది. మనవడి చెవిలో ముందు పడ్డ పేరు తమిళ్‌సెల్వి అని ఎట్లా చెప్పను? ఆయన ఆ వెంకటాచలాన్ని రోజుకు వందసార్లు పేరుపెట్టి పిలుచుకుంటున్నాడు, పొద్దస్తమానం అదే ఆయనకు పండగ.

విషయం నాయుడు మామదాకా పోయింది. ఆయనకు నా మీద జాలి. చేతికర్ర పట్టుకుని, ఆ మోకాళ్ళతో, తనే ఆ పెళ్ళివారింటికి వెళ్ళాడు నా తరఫున మాట్లాడ్డానికి. ఏమన్నాడో తెలుసా?

"మా గోపి బంగారమట్లాటోడు. పాపను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు. ఆ పాప కూడా మీకేం భారం కాదు, అచ్చం మా వెంకటాచలం మాదిరే ఉంటాది!"

సరే, నవ్వింది చాలు. ఇంకో టీ చెప్పండి. గోపికి అని చెప్పకండి, కొట్టాయనకు అర్థం కాదు. సెల్వి అప్పాకి అని చెప్పండి.