శరణమ్మ ఎడమచేతి కుట్టు

టీ డికాక్షన్‌లో ముంచిన కాగితాలు తీగమీద ఆరుతున్నాయి. ఆ వగరు వాసన ముక్కుకు తగిలితే చాలు, శరణమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. నారాయణఖేడ్‌ బస్ డిపో వెనక సందులో ఈ దుకాణం ఆమెదే. భర్త పోయాక ఏళ్ల తరబడి ఆఫీసుల రిజిస్టర్లు కుట్టి బతికింది. వాటికి గిరాకీ తగ్గాక, కాగితానికి పాత రంగు పట్టించి చేత్తో కుట్టే ఫొటో ఆల్బములు మొదలుపెట్టింది. నేను పనిచేసే స్టూడియో మూతపడి ఏం చేయాలో తోచక తిరుగుతుంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

నా మొదటి ఆల్బమ్‌ను ఆమె వెనక్కి తిప్పి, వేలితో కుట్లు తడిమింది.

"ఏంది బిడ్డా గిది? నడుమ రెండు కుట్లు తప్పినయ్."

"అట్ట అతికినంక ఎవలకు కనిపిస్తది అవ్వా?"

"ఇప్పుడు కనిపియ్యది. పదేండ్లకు ఊడినప్పుడు కనిపిస్తది."

అంటూనే కత్తెరతో దారం మొత్తం తెంపేసింది. వారం రోజుల పని. కళ్లలో నీళ్లు తిరిగినా ఆమె చూడనట్టే మైనం రుద్దిన కొత్త దారం నా ముందు పెట్టింది. మళ్లీ కుట్టాను.

నాలుగేళ్ల తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చేసరికి కుడిచెయ్యి పడిపోయింది. ఆ నెలలోనే నాగల్‌గిద్ద నుంచి ఒక కందిరైతు వచ్చాడు. చనిపోయిన భార్యవి ఐదే ఫొటోలు తెచ్చాడు. "నా బిడ్డకు మూడేండ్లు. అది పెద్దగైనంక చూసుకోవాలె. గట్టిగ చెయ్యండ్రి" అన్నాడు.

అతను వెళ్లగానే శరణమ్మ ఎడమచేత్తో సూది అందుకుంది. అది జారి కింద పడింది. వెతికిచ్చాను. మళ్లీ పడింది.

"నేను కుడుత అవ్వా. పాపం, ఆయన పరేషాన్ల ఉన్నడు."

"బిడ్డ పెద్దగైనంక చూస్తదన్నడు కద. పది రోజులు ఆగుతడు. ఇయ్యాల ఇడిస్తే ఇగ ఈ చెయ్యి సూది పట్టది. నువ్వు కాగితం కదలకుంట పట్టు."

పట్టుకున్నాను. మొదటి రోజు మూడు కుట్లు పడ్డాయి. రెండోరోజు వాటిలో రెండు ఆమే తెంపేసింది. వేళ్లకు సూది గుచ్చుకుని రక్తం వస్తే కొంగుకు తుడుచుకునేది. పన్నెండో రోజుకు ఆల్బమ్ పూర్తయింది. కుట్లు వంకరగా ఉన్నా ఒక్కటీ తప్పలేదు. ఫొటోలు అతికించాక మిగిలిన పేజీలు ఆ బిడ్డ ఫొటోలకని ఖాళీగానే ఉంచమంది. రైతు దాన్ని తువ్వాలలో చుట్టుకుని వెళ్లాడు.

ఆ తర్వాత ఏడాదికి శరణమ్మ పోయింది. దుకాణం ఖాళీ చేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమని అందరూ అన్నారు. నేను చేయలేదు. ఇప్పుడు మనూర్ వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్లు నేర్చుకోవడానికి ఆటోలో వస్తున్నారు. వాళ్లలో ఎవరైనా సూది పక్కన పెట్టి "నాతోని కాదక్కా" అంటే, నేను సూది తీసుకోను. పక్కన కూర్చుని కాగితం కదలకుండా పట్టుకుంటాను.