మొద్దుల కరువు

ఆ రోజుల్లో మా పల్నాటి తండ్రులకు కొడుకును గురించి చెప్పుకోవడానికి ఒకటే మాట ఉండేది: మొద్దు. కుర్రవాణ్ణి చెవి పట్టుకుని బడికి ఈడ్చుకొచ్చి, "వీడొట్టి మొద్దు అయ్యోరూ, కళ్లు రెండూ ఉంచి తోలు ఒలిచెయ్యండి" అని అప్పజెప్పి, కండువా దులుపుకుని వెళ్లిపోయేవారు. (నన్ను బడిలో వేసినప్పుడు మా నాన్న ఆ కళ్ల మినహాయింపు కూడా ఇవ్వలేదని మా అమ్మ చెప్పేది.) ఇప్పుడు నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు మర్యాదైన పేర్లు వచ్చాయి, వాళ్లకు చదువు చెప్పడానికి వేరే చదువులూ వచ్చాయి, సంతోషమే. అప్పుడు మాత్రం నిజంగా అర్థంకాని పిల్లవాడికీ, అర్థమై కూడా అల్లరి చేసే పిల్లవాడికీ, అర్థమయ్యేలా చెప్పలేని అయ్యవారి చేతిలో పడ్డ పిల్లవాడికీ కలిపి ఆ ఒక్క మాటే. అంత చవకగా దొరికే మొద్దులు ఒక ఏడు మా ఊళ్లో వెతికినా దొరకలేదు.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు కరువు, బస్సులు బొగ్గుతో నడిచేవి. నేను ట్రైనింగు ముగించుకుని దుర్గి దగ్గర ఒక పల్లెటూరి బడిలో రెండో అయ్యవారుగా చేరాను. మీసం ఇంకా సరిగా రాలేదు గాని, పిల్లల మనసులను గురించి నాకు తెలియనిది ఉందని అనుకునేవాణ్ణి కాను. మొదటి అయ్యవారిని ఊరంతా పెద్దపంతులు అనేవారు. ఆయనకు బెత్తమే మనస్తత్వశాస్త్రం. మా ఒకటో తరగతిలో కళాయి సాయిబు కొడుకు ఒకడుండేవాడు. (వాళ్ల నాన్న ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు.) ఊరివాళ్లు వాడికి నిదానం అని పేరు పెట్టారు. పిలిస్తే ముందు పలక కింద పెట్టేవాడు, దాని మీద బలపం పెట్టేవాడు, బలపం దొర్లడం లేదని చూసుకుని అప్పుడు లేచేవాడు. వాడితోపాటు చేరినవాళ్లు నాలుగో తరగతికి వెళ్లిపోయినా వాడు ఒకటో తరగతిలోనే ఉన్నాడు. ఇన్‌స్పెక్షను రోజున ఇటువంటి పిల్లలను చాటు చేయడం ఆనాటి బళ్లలో మామూలే. నిదానానికి ఆ రోజు పెద్దపంతులు గారి జొన్నచేలో పిట్టలు తోలే పని.

ఆ ఏడు కొత్త ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనీ, బహు గట్టివాడనీ కబురొచ్చింది. పెద్దపంతులు ఆలోచించి, దాచడం కంటే నిదానం పేరు కొట్టేయడమే మేలని తేల్చేశారు. ఆ మాట తెలిసి వాళ్లమ్మ పనిలోనుంచి అలాగే వచ్చి అరుగు కింద నిలబడింది.

"పేరు కొట్టేస్తే వాళ్ల మావ పిడుగురాళ్లకి తోలుకుపోతాడయ్యా, సున్నపు బట్టీకాడికి. ఆడ కాలే రాళ్లు లాగుతా 'జరగరా' అంటే చప్పున జరగాల. మావోడు జరిగే సంగతి మీకు తెలవందేముంది?"

"ఇంటికాడ ఉంచుకోమ్మా."

"ఆయనేమో ఊళ్లెంట తిరిగే మనిషాయె. నేను కూలికి పోవాల. బడిలో అయితే నీడపట్టున కూకుంటాడు. చదువు రాకపోతే మానె, ఆణ్ణి బట్టీ పాలు మాత్రం చెయ్యమాక అయ్యా!"

"బడేమన్నా సత్రమా?" అన్నారు పెద్దపంతులు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఎదురు చెప్పే ధైర్యం నాకు ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.

ఆ వారమే టపాలో ఇన్‌స్పెక్టరు గారి తాఖీదు వచ్చింది. ప్రతి బడిలోనూ మందబుద్ధులైన పిల్లలను పరీక్షించి ఏరి, ప్రత్యేక తరగతి పెట్టి, గింజలతోనూ బొమ్మలతోనూ నెమ్మదిగా చదువు చెప్పాలట. ఆ తరగతిని ఆయనే స్వయంగా చూస్తారట. పెద్దపంతులు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోశారు.

"ఏందయ్యా ఇది? ఇన్నాళ్లూ దాస్తిమి, ఇప్పుడు చూపించమంటన్నాడు! మనకాడ ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కడేనండీ. నిదానం."

"ఒక్కడితో తరగతేంది, నవ్విపోతారు! పద, ఊళ్లోకి పోదాం. మొద్దులకేం కరువు?"

కరువే అని మొదటి గుమ్మంలోనే తెలిసింది. మోతుబరి రైతు ఒకాయన, కొడుకును రోజూ నడివీధిలో మొద్దు అని తిట్టే మనిషి, మా మాట వినగానే మంచం మీద నుంచి లేచాడు. "మావోడు మొద్దా? ఎవరన్నారు?" అన్నాడు. "నువ్వే గదయ్యా, మొన్న" అన్నారు పెద్దపంతులు. "అంటా! కన్నోణ్ణి, నేనంటా! నువ్వు కాయితం మీద రాస్తే రేపు ఆడికి పిల్లనెవడిస్తాడు? నీ బడి మొద్దు, నువ్వు మొద్దు, నీ ఎనకమాలొచ్చిన ఆ మీసాల్లేనోడు మొద్దు!" (పెద్దపంతులు గారితో సమానంగా నన్ను ఎంచిన మొదటి మనిషి ఆయనే.) రెండో ఇంట్లో ఒక ముసలమ్మ మాకు జవాబు చెప్పడానికి రోకలి తెచ్చుకుంది. పక్కూరి బడి నుంచి నలుగురిని ఎరువు అడిగితే, "మాకే చాలటం లేదు" అని కబురొచ్చింది.

చివరికి అయిదో తరగతిలోని చురుకైన కుర్రవాళ్లను కొందరిని ఎంచి, వాళ్లకు పెద్దపంతులు సొంత మనవణ్ణి నాయకుడిగా పెట్టి, మొద్దులుగా తయారుచేసే పని నాకు అప్పగించారు. తెలివైన పిల్లలకు తెలివిలేనితనం నేర్పడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. వాళ్లంతా నోళ్లు తెరిచి, కళ్లు తేలేసి, చొంగ కార్చడం మొదలుపెట్టారు. "ఒరేయ్, నోళ్లు మూయండ్రా! నిదానం ఎప్పుడన్నా నోరు తెరిచాడా? వాణ్ణి చూసి నేర్చుకోండి" అని గదమాయించాను. నాటకానికైనా పాఠం ఉండాలి కనుక రోజూ చింతగింజలు ముందు పోసి అదే లెక్క అడిగేవాణ్ణి, రెండూ మూడూ ఎంత అని. మనవడు చెప్పాల్సిన తప్పు జవాబు ఏడు. తక్కినవాళ్లవి తొమ్మిదీ పదకొండూ. ఇది నాటకమని నిదానానికి మాత్రం ఎవరమూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. అదే లెక్క, అవే గింజలు, కోపం లేని అయ్యవారు (కోపమెందుకు, నటనేగా?) ఇదంతా వాడి జన్మలో మొదటిసారి. ఒక మధ్యాహ్నం వాడు గింజలను ఒక్కొక్కటే జరిపి "అయిదు" అన్నాడు. మర్నాడూ అయిదే అన్నాడు. ఆపైన మనవడి ఏడు విన్నప్పుడల్లా వాడి మొహం దిగులుగా అయిపోయేది.

ఇన్‌స్పెక్టరు గారు బొగ్గుబస్సు దిగి, మొహాన మసి తుడుచుకుంటూ వచ్చారు. కళ్లజోడు, చంకలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, మెత్తటి గొంతు. మనవణ్ణి లేపి, రెండూ మూడూ ఎంత బాబూ అన్నారు. "ఏడండీ" అన్నాడు వాడు దర్జాగా. అప్పుడు నిదానం పలక కింద పెట్టాడు. బలపం దాని మీద పెట్టాడు. లేచి వచ్చి, మనవడి గుప్పిలి విప్పి, అందులో గింజలు పెట్టాడు.

"ఇయ్యి రెండు. ఇయ్యి మూడు. అన్నీ కలిపి ఎంచు. తొందరేం లేదులే."

ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరీ అబ్బాయి?"

పెద్దపంతులు గుటకలు మింగారు. "మా... మానిటరండీ."

"భేష్! ఇంత ఓర్పు నేను పెద్దవాళ్లలో కూడా చూడలేదు" అని నిదానం భుజం తట్టి, మనవడి వైపు జాలిగా చూసి, "పాపం" అన్నారు. ఆ పాపం అన్న మాటకు మనవడికి రోషం పొడుచుకొచ్చింది. లేచి నిలబడి పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టి ఊపిరి తీయకుండా చివరిదాకా అప్పజెప్పాడు. మా పని అయిపోయిందని పెద్దపంతులు కళ్లు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారు మాత్రం సంతోషంతో నా చెయ్యి పట్టుకున్నారు. "చూశారా? వీళ్లలో కొందరికి కంఠస్థం అమోఘంగా ఉంటుంది, అర్థం మాత్రం శూన్యం. పుస్తకంలో చదివాను, ఈనాటికి కళ్లారా చూశాను!" మనవడు ఏడుపు గొంతుతో, "నేను అయిదో తరగతండీ! మా తాతే నాటకం ఆడమన్నాడు!" అన్నాడు. "కల్పనాశక్తి కూడా!" అన్నారాయన. ఆ తరగతిని తాను మళ్లీ వచ్చేదాకా కదపకూడదనీ, మానిటరు రోజూ వాళ్ల దగ్గరే కూర్చోవాలనీ ఉత్తర్వు వేసి బస్సెక్కారు.

ఆ సాయంత్రం నిదానం తల్లి వచ్చింది. "మావోడు మానిటరంట గదా?" అని అడిగి, నేను అవునంటే అరుగు మీద చతికిలబడి నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. ఇన్‌స్పెక్టరు భుజం తట్టిన వాడి పేరు ఎవరు కొట్టేయగలరు? పెద్దపంతులు మనవడికి మాత్రం కష్టకాలం వచ్చింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చేదాకా మొద్దుగానే ఉండమని తాత ఆజ్ఞ. రోజూ మధ్యాహ్నం నిదానం వాడి పక్కన కూర్చుని గింజలు పెట్టడం, వాడు పళ్లు నూరుకుంటూ ఏడు అనడం. నిదానం ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో, ఇన్‌స్పెక్టరు గారికి ఎక్కడికో బదిలీ అయిందని తెలిసింది. పెద్దపంతులు హాయిగా నిట్టూర్చి, "ఇక ఆ తరగతీ లేదు, ఆ మానిటరూ లేడు. రేపు ఆ సాయిబు పిల్లోడి పేరు కొట్టెయ్" అన్నారు నాతో. అదంతా విన్న మొద్దులందరూ కేకలు వేస్తూ వీధిలోకి పరిగెత్తారు. మనవడూ పరిగెత్తాడు గాని, గడప దగ్గర ఆగాడు. వెనక్కి చూశాడు. నిదానం అప్పుడే గింజలు సర్దుకుంటున్నాడు. మనవడు తిరిగి వచ్చి, వాడి ఎదురుగా కూర్చుని, చెయ్యి చాపాడు. నిదానం రెండు పెట్టాడు, మూడు పెట్టాడు. మనవడు వేలితో ఒక్కొక్కటే జరిపి, "అయిదు" అన్నాడు.

నిదానం కాసేపు వాడి మొహంలోకి చూశాడు. "మళ్లా చెప్పు."

"అయిదు."

"అయ్యోరూ! వచ్చింది! ఈడికి వచ్చింది!" నిదానం అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. మనవడి జుట్టు నిమురుతూ, "ఇంటికి పోయి మీ తాతకి చెప్పు. ఇంక కొట్టడులే. రేపు ఆరు చెప్తా" అన్నాడు. మనవడు వాడి చెయ్యి తోసేయలేదు. తల వంచుకుని కూర్చున్నాడు.

పెద్దపంతులు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. తరువాత నా వైపు తిరగకుండానే, "రేపు ఆరు చెప్తాడంటగా. పేరు ఉండనీవయ్యా" అని, కండువాతో మొహం తుడుచుకుంటూ ఇంటికి వెళ్లారు.

ఆరు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఆపైన ఏడు ఎప్పుడొచ్చిందో మేమెవరమూ లెక్క పెట్టుకోలేదు. బట్టీ మాట మాత్రం మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు. ఇక ఆ గదిలో ఇంకొకడున్నాడు, కొత్తగా ట్రైనింగు అయి వచ్చిన రెండో అయ్యవారు. లేని మీసం దువ్వుకుంటూ, ఇదంతా తన బోధనా పద్ధతి మహిమేనని ఆ సాయంత్రం ఊరి చివరిదాకా ఒంటరిగా నడుస్తూ మురిసిపోయాడు. మురవనివ్వండి, పాపం, చిన్నవాడు.